కనకం చేతి బిగువు

ఏటే ప్రవల్లికా, ఆ సూదుల్తోటి? గ్లౌజులా? లంబసింగి ట్రిప్పుకా! ఫోన్లో సూసి నేర్చేసుకుంటన్నావా, భలే గుంటవే. ఏదీ, ఇలా తే. ఓహో, బొటనేలికి ఒక గది, మిగతా నాలుగేళ్ళకీ కలిపి ఒకటే సంచీ. రెండు రంగులు కూడానూ! మొదటి జతకే రెండు రంగులెట్టుకున్నావంటే నీకు ధైర్యం ఎక్కువే. మీ అత్తా అంతే. కనకమహాలక్ష్మత్త. నువ్వు పుట్టకముందే పోయింది, ఫోటోలో తప్ప నువ్వు సూళ్ళేదు. ఉండు, పని ఆపకు, అల్లుకుంటా విను.

అప్పుడు నాది పాడేరు నైట్‌హాల్ట్ బస్సు. మధ్యాన్నం చోడవరంలో ఎత్తితే వడ్డాది, మాడుగుల, ఆ పైన ఘాటు, రాత్రికి పాడేర్లోనే పడక. మాడుగుల్లో బస్సాపితే సాలు, హల్వా పొట్లాల కోసం సగం బస్సు దిగిపోయీది, మళ్ళీ ఎక్కించడానికి హారన్ అరిగిపోయీది. సరే, అది కాదు. డిసెంబర్లో పొద్దున్నే ఆ స్టీరింగ్ ముట్టుకుంటే మంచుగడ్డే అనుకో. ఏళ్ళు కొంకర్లు పోయీవి. ఓరోజు ఇంటికొచ్చి అన్నం తింటంటే ముద్ద జారిపోనాది. మీ అత్త సూసింది. మర్నాడెళ్ళి పక్కింటి మేరీ టీచరు దగ్గర కూర్చుంది. ఆవిడ స్వెట్టర్లు బాగా అల్లీది. నాకు గ్లౌజులకని నీలం మీద తెల్ల మొగ్గలు మొదలెట్టేరు. ఒక రంగు అల్లుతుంటే రెండోది లోపల ఎనకాతల పోవాలి కదా, నీకు తెలుసున్నదే. ఆవిడ మొత్తుకునీది, 'కనకం, వెనక దారం లాగకమ్మా, వదులుగా పోనియ్!' అని. మీ అత్త పుట్టింటోళ్ళు పూలు అమ్మేవోళ్ళు. ఏడేళ్ళప్పట్నుంచీ మాల కట్టిన చెయ్యి. పువ్వుకో ముడి, ముడికో లాగుడు. 'లాక్కపోతే జారిపోదాండీ' అనీది! ఆ చెయ్యి ఊరుకుంటాదా? రంగు మారినప్పుడల్లా సటుక్కున ఒక లాగు.

నెల్రోజులకి జత అయ్యింది. కేరేజీతో పాటు బస్టాండుకే తెచ్చిచ్చీసింది. ఎంత అందంగా ఉన్నాయనుకున్నావు! కండక్టరు ఉమామహేష్ 'ఎయ్యి శివాజీ బావా, ఎయ్యి' అని ఒకటే గోల. ఏస్తే, ఏళ్ళు కణుపుల దగ్గరే ఆగిపోనాయి. లోపల దారాలు బిగుసుకుపోయి చెయ్యి దిగదు. తను కిటికీ కింద నిలబడి తలెత్తి సూస్తంది. ఆ మొహం సూసి ఎవడు సెప్తాడే? 'ఇక్కడ ఎండగా ఉంది, పైకెళ్ళాక ఏసుకుంటాన్లే' అనీసి గేరేసేను. మర్నాడు గుమ్మంలోనే, 'సరిపోయేయా?' అంది. 'బెమ్మాండం! చెమట్లట్టీసేయి' అన్నాను. నవ్వింది. అవి జేబులో ఎట్టుకునే తిరిగేను. మూడు చలికాలాలు. మాటిమాటికీ అడిగీది, 'సరిపోతన్నాయా?' అని. తన పనితనం పొగిడించుకోడం సరదా కాబోలు అనుకునీవోణ్ణి. అడిగినప్పుడల్లా ఒక కొత్త అబద్ధం. డిపో మేనేజరు తనకీ కావాలన్నాడని కూడా సెప్పేను, సూడు!

ఆ ఏడు ఎండల్లో మీ అత్తకి కామెర్లొచ్చేయి. గోవాడ పంచదార ఫేక్టరీ చెరుకు క్రషింగు ఆపిన వారం. ఎన్నాళ్ళో లేదు.

పోయిన పదకొండో రోజు మేరీ టీచరొచ్చింది. సంచీలోంచి రెండు ఉన్ని ఉండలు తీసింది, నీలమూ తెలుపూ, సుట్టిన కాయితం కూడా ఇప్పలేదు. 'కనకం నీకోసం కొని నా దగ్గర దాచింది బాబూ' అంది. 'ఉన్నాయి కదండీ ఒక జత' అన్నాను. అప్పటికీ అదే మాట! ఆవిడ నాకేసి అలా సూసి, 'నీ చొక్కా ఉతకడానికి తీసినప్పుడు జేబులో అవి దొరికితే తొడుక్కుని చూసుకుంది. తన చెయ్యే దూరలేదు. ఎప్పటికైనా నిజం చెప్పకపోతాడా, అప్పుడు ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కొలుస్తాను, మళ్ళీ అల్లుతాను అనేది' అంది.

ఒక్కసారి, 'పట్టట్లేదే కనకం' అంటే ఏం పోయీది? కొలిచీది, ఇప్పీది, మళ్ళీ కొలిచీది... ఎన్ని సాయంత్రాలు, ఈ చెయ్యి అలా తన ఒళ్ళో...

ఏటే, అల్లడం ఆపీసేవ్? ఆ కుక్కరు ఎన్నిసార్లు కూసింది, లెక్కెట్టేవా లేదా?