ప్రార్థన చేసిన లంగరు

అమెరికాలో శాంటా క్లారా, 1983 ఆగస్టు, శనివారం సాయంత్రం. నవోమి చంటివాణ్ణి చూసిపోదామని చర్చి పెద్ద ఏసుపాదం, ఆయన భార్య విమలకుమారి వచ్చారు. నవోమి భర్త ఆనందబాబు, పెద్దపిల్ల జ్యోతి పొద్దున్నే పడవ మీద సాసలీటో తీరానికి వెళ్ళారు. రాత్రికి నీళ్ళ మీదే పడక.

“అన్నిటికంటే నాకు భయం అదే ఆంటీ. నిద్రలో ఉండగా లంగరు జారి, పడవ రాళ్ళ మీదికి పోయి, నా పిల్ల నీళ్ళలో పడిపోతుందని. ఇంకే భయమూ లేదు.”

“బాగుంది సంబరం! లంగరు కోసం అలిగి అన్నం మానేసిందని చర్చిలో అందరూ నవ్వుకుంటున్నారు, తెలుసా?”

“నవ్వనివ్వండి. వాళ్ళ పిల్లలు మంచాల మీద పడుకుంటున్నారుగా.”

“ఏమ్మా నవోమీ, మీ ఆయన నాలాగే ఇంజనీరు. నువ్వేమో తొమ్మిదో క్లాసు మధ్యలో మానేశావు. లంగర్ల సంగతి నువ్వా చెప్పేది?”

“చదువు మానేశాగాని, చూడ్డం మానేశానా అంకుల్? ముందొకటి తెచ్చాడు, రెండు రెక్కలది, మడిచి సంచీలో పెట్టేసుకునేది. ఎంత లాగినా కదలదని కేటలాగులో ఉందట. నేనొక్కటే అడిగా. రాత్రి గాలి మళ్ళితే పడవ అటు తిరుగుద్దిగా, అప్పుడది ఊడొస్తే మళ్ళీ దిగుద్దా అని. మళ్ళీ ఆ కేటలాగే తీసి చూపించాడు. కేటలాగొచ్చి నా పిల్లని ఎత్తుకుంటుందా?”

“అమ్మో, నోరు! మరిప్పుడు?”

“నా పోరు పడలేక నాగలికర్రులాంటిది కొన్నాడు ఆంటీ. ఇద్దరం రొప్పుకుంటూ మోశాం. పడవ ఎటు తిరిగినా అది మళ్ళీ దున్నుకుంటూ దిగుద్ది. దానికో బరువైన గొలుసు. ఉత్త తాడైతే లంగరుని పైకి లేపేస్తది, గొలుసుంటే అడుగునే పడుంటది. అది వేసుకెళ్ళారు కాబట్టే పిల్లని పంపా. లేకపోతే గుమ్మంలో అడ్డంగా పడుకునేదాన్ని.”

“అయితే నేను కానుకిచ్చిన లంగరు పనికిరాలేదన్నమాట!”

“అది కాదంకుల్...”

“ఏది కాదు? కొత్త కారుకీ కొత్త ఇంటికీ పెట్టినట్టే పడవకీ ప్రార్థన పెట్టించా. లంగరుని చర్చిలో బల్ల మీద పూల పక్కన పెడితే పాస్టరుగారు దాని మీదే ప్రసంగం చెప్పారు. దాన్నేం చేశారు, చెత్తలో వేశారా?”

“అయ్యో, గరాజ్‌లో భద్రంగా ఉంది.”

“చూస్తా, ఆ భద్రమేంటో చూస్తా.”

“వెళ్ళనీ నవోమీ, వెళ్ళి చూసుకుంటేగాని ఈయనకి నిద్రపట్టదు. మొన్న ఆదివారం మీ ఆయన్ని కూడా నలుగురిలో దులిపేశారు. దేవుడి సన్నిధిలో పెట్టిన లంగరు వదిలేసి పెళ్ళాం చెప్పింది కట్టుకుంటావా అని.”

“మా ఆయనేమన్నాడు?”

“ఏమంటాడు? ‘సరే అంకుల్, కడతాను’ అన్నాడు.”

“కడతానన్నాడా?”

“పెద్దాయన మాట తీసెయ్యలేక అనుంటాడ్లే.”

“నవోమీ! గరాజ్‌లో దుప్పటి కింద ఇదేంటమ్మా, కాలిగోరు లేచిపోయింది! నాగలిలా...”

“ఏంటంకుల్?”

“గొలుసు కూడా ఇక్కడే ఉంది.”

“ఉండదు. అక్కడుండదు. పడవలో ఉంటది.”

“ఉందమ్మా.”

“మరి మీదో?”

“నాది... లేదు.”

“పోన్లేవే, ఈయనిచ్చిందే కట్టుకునుంటాడు. అదీ లంగరేగా!”

“ఆగండాంటీ. అంకుల్, అదెక్కడ కొన్నారు?”

“కొనడమా... ఆ చేపల హోటలు మూసేస్తుంటే సామాన్లమ్మారు. తళతళలాడుతోందని...”

“గుమ్మం మీద అలంకారానికి వేలాడేదా? పిల్లలు చూసి ఫొటోలు దిగేవాళ్ళు, అదేనా?”

“నిజందే అనుకున్నానమ్మా! నిజందిలాగే ఉంది!”

“కార్లోకి ఎట్టా చేర్చారు? ఎవరు సాయం పట్టారు?”

“ఎవరూ లేరు. ఒంటిచేత్తో.”

“రెండో చెయ్యేమైంది?”

“బైబిలుంది.”

“ఇద్దరూ ఇంజనీర్లే! ఒంటిచేత్తో లేచింది పడవని ఆపుద్దా అని ఒకాయనకి తట్టలేదు. పెద్దాయనకి కోపం వస్తదని ఇంకొకాయన నా పిల్లని దానికి కట్టుకుపోయాడు!”

“నవోమీ, నేను...”

“మీరేం మాట్లాడకండి. పక్కింటికెళ్ళి కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చెయ్యండి. సాసలీటో అని చెప్పండి. ఆంటీ, వీణ్ణెత్తుకోండి. బయట ఆ కొమ్మలు చూశారా, ఎట్టా ఊగుతున్నాయో?”

“ఎవరికే ఫోను?”

“సుందర్ రాజ్ అన్నయ్యకి. ఆయనింటి కిందే లంగరేస్తామన్నారు, కిటికీలోంచి చెయ్యూపితే కనబడుద్దంట... హలో? అన్నయ్యా, నేను నవోమిని. బాగానే ఉన్నాం, అవన్నీ తర్వాత. మీ కిటికీ దగ్గరికెళ్ళండి. తెల్ల పడవ, పక్కన నీలంగీత. లంగరేసినచోటే ఉందా? లేకపోతే రాళ్ళవైపు చూడండన్నయ్యా. ఎర్రటోపీ పెట్టుకున్న పిల్ల కనబడుతుందేమో, ఒక్కసారి చూసి చెప్పండి.”