ఆరు గంటల మోత

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో ఒక కాలువ గట్టున కట్టేసి ఉన్న ఇంటి పడవ అది. మెకానిక్ ఇంజన్ గదిలోకి తల దూర్చి బ్యాటరీలకి కరెంటు నింపే పాత ఆల్టర్నేటర్‌ని చూశాడు. పడవలో ఉండే పెద్దావిడ పైన నిలబడి ఉంది.

“ఇది బాగానే ఉందిగా అమ్మా. బ్యాటరీలు నిండుతున్నాయి.”

“నిండడానికి రోజూ ఆరు గంటలు పడుతోంది నాయనా. దీనికి మూడింతలది పెట్టు.”

“పెట్టొచ్చు. కానీ ఈ సన్న బెల్టు దాన్ని తిప్పలేదు, జారిపోతుంది. వెడల్పుది వెయ్యాలి. అయినా ఇద్దరికి అంత కరెంటు ఎందుకు?”

“మా ఆయన వీబ్రెన్‌కి ఊపిరి మెషిన్ పెట్టారు. రాత్రీ పగలూ ఆగకూడదు.”

“అయ్యో. మరి గట్టు మీద ఇల్లు చూసుకోకపోయారా?”

“నలభై ఏళ్లు పడవలోనే బతికారు. దిగనంటే దిగనంటున్నారు.”

“ఆరు గంటలు పట్టినా నిండుతున్నాయిగా. మరి తొందరేముంది?”

“ఆయన గొంతు సన్నబడిపోయింది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఏం చెప్పినా నాకు వినపడదు. ఆకులు రాలేదాకా ఉంటే గొప్పేనని డాక్టర్ అన్నాడు. ఉన్న రోజుల్లో ఆరేసి గంటలు ఈ మోతకి ధారపొయ్యలేను.”

అతను స్పానర్ అందుకున్నాడు. మధ్యాహ్నానికి కొత్తది బిగించి ఇంజన్ వేశాడు. రెండు గంటలు తిరిగేసరికి బ్యాటరీలు నిండినట్టు మీటరు చూపించింది.

“అయిపోయిందమ్మా, ఆపెయ్యండి.”

“అప్పుడేనా?”

ఆమె ఇంజన్ ఆపింది. లోపలి నుంచి పీలగా ఒక మాట వినిపించింది.

“ఏమంటున్నారు?” అని అడిగాడు మెకానిక్.

“నీకు కాఫీ ఇచ్చానా అని. ఇంజన్ వేసినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారేమో, పాపం.”