గంటగంటకీ ఒక కేక

నూజివీడు బస్టాండు ఎదుటి సెల్ షాపులో, మామిడితోట కాపలా కాసే పెద్దావిడకి ఏ ఫోనూ నచ్చడం లేదు. చూపించి చూపించి అమ్మే పిల్లకి నీరసం వస్తోంది.

“ఇందులో క్యాలెండర్ ఉంది పిన్నిగారూ. ఏ రోజు ఏం పనో అదే గుర్తుచేస్తుంది.”

“నాకు గుర్తుంటాయిలేమ్మా. గంటగంటకీ అరుస్తుందా, అది చెప్పు.”

“అలారమా? మంచి పాటలున్నాయండీ.”

“పాటలెందుకు? నా కేక కావాలి. రేపు విస్సన్నపేటలో మా చెల్లి కూతురి పెళ్లి. తోటేమో కాయ మీదుంది, కోతులు ఊరుకోవు. కాపలాకి మా ఆయనొక్కడే.”

“అయితే ఇందులోకి అరవండి, దాన్నే అలారం పెడతాను.”

గాజు తలుపు మూసి, ఆవిడ కొంగు దోపి మరీ అరిచింది: “ఓయ్! దిగండే! కొమ్మలిరుగుతున్నాయ్!”

సౌండు చూద్దామని ఆ పిల్ల ఫోను బయటికి తెచ్చి మోగించింది. ఆవిడతో వచ్చి షాపు అరుగు మీద గురక పెడుతున్న పెద్దాయన ఎగిరి లేచాడు. చేతికందిన గొడుగు తిప్పుతూ, “హేయ్! హేయ్!” అని నడిరోడ్డు దాకా పరుగెత్తాడు.

పిల్ల నవ్వాపుకుంది. “దీనికి కోతులు బెదురుతాయంటారా పిన్నిగారూ?”

“కోతుల్ని ఆయన చూసుకుంటాడమ్మా. ఆయన్ని లేపేది కావాలి నాకు. ఇదే ఇచ్చెయ్!”