యాకూబ్ మణికట్టు మీద మూడు చుక్కలు

ఆ చేతిలో డబ్బా ఏంట్రా అబ్బాయ్, దోమల మందా? కాదూ. కార్బొరేటరు కడిగే స్ప్రేనా. అమ్మినవాడు ఏం చెప్పాడు, కొట్టి అవతల పెడితే తళతళలాడిపోతుందన్నాడా. అంటాడు, అంటాడు. నేనూ అలాగే అనేవాణ్ణి. నలభై ఏళ్ళు బందరులో రంగుల కొట్టు నడిపినవాణ్ణి, అమ్మేవాడి నోరు ఎలా తిరుగుతుందో నాకు తెలీదూ. గిలకలదిండిలో ఇంజన్ల షాపు పెడుతున్నావట కదా, మంచిది. ఇంకా బోర్డే కట్టలేదు, అప్పుడే రోజుకెన్ని ఇంజన్లు, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు అని లెక్కలు కట్టేశావట, మీ అమ్మ చెప్పింది. సరే, అలా కూచో. ఆ డబ్బా మటుకు మూత తియ్యకు. నీకు ముందు యాకూబ్ సంగతి చెప్పాలి. మీ తాత యలమంద సంగతీ అందులోనే ఉంది. మీ తాత నీకు చెప్పి ఉండడు. నా పరువు పోయిన సంగతి కదా, ఆయన ఎందుకు చెబుతాడు.

యాకూబ్ అసలు ఇంజన్ల మెకానిక్కు కాదురా. కోనేరు సెంటరు దగ్గర ఒక రేకుల బడ్డీ, అందులో కూచుని పెట్రోమాక్స్ లైట్లూ, కిరసనాయిలు స్టవ్వులూ బాగుచేసేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవి సందులో ఎప్పుడూ ఒక స్టవ్వు పిన్ను పెట్టుకుని ఉండేవాడు. ఒకసారి ఏమైందనుకున్నావు, గుడ్లవల్లేరులో పెళ్ళి ఊరేగింపు మధ్యలో లైట్లు నాలుగూ ఒక్కసారే పొగ కక్కాయి. పెళ్ళికొడుకుని బండిమీద అలాగే కూచోబెట్టి బందరు నించి యాకూబ్‌ని రప్పించారు. వీడు లైటు విప్పకుండా ముందు కిరసనాయిలు డబ్బా వాసన చూసి, "ఇందులో నీళ్ళు కలిపిందెవరండీ, మగపెళ్ళివారా, ఆడపెళ్ళివారా" అన్నాడట. లైట్లు వెలిగాయిగానీ రెండు వైపులవాళ్ళూ కొట్టుకునేదాకా వచ్చింది. అదీ వాడి తీరు. పని బాగుచేస్తాడు, పక్కనే చిన్న మంట కూడా పెట్టి వెళ్తాడు. ఏం చెబుతున్నాను? ఆఁ, ఇంజన్లు.

డెబ్భై ఏడు ఉప్పెన సంగతి నీకు తెలుసుగా. మీ తాత పడవా, వలా, ఇంకా చెప్పుకోలేనివీ తీసుకుపోయింది. ఆ మాట ఆయన ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తను. తరవాతి ఏడు ఎవరో సాయం చేసే సంఘంవాళ్ళు పడవలిచ్చి, వెనకాల తగిలించే ఇంజన్లు కూడా ఇచ్చారు. మన దగ్గర పది, అవతల దివిసీమలో ఇంకో ఇరవై. అప్పటిదాకా తెడ్డూ తెరచాపా తప్ప తెలియని వాళ్ళకి ఆ ఇంజను చేతిలో పెడితే ఏం చేస్తారు? ఉప్పుగాలి, పెట్రోల్లో కిరసనాయిలు కలపడం, నాలుగు నెలల్లో అన్నీ దగ్గడం మొదలెట్టాయి. అప్పుడు యాకూబ్ ఒకటి విప్పి చూసి, "ఇది పెట్రోమాక్స్‌కి మేనత్త కూతురేనండీ, అదే జెట్టు, అదే సన్న కన్నం" అని ఆ పన్లో దిగాడు. దిగాడంటే ఇంక వాడే దిక్కు.

వాడు ఏ నూనెతో కడగాలో ఎలా తేల్చేవాడో తెలుసా. మణికట్టు ఇలా తిప్పి మూడు చుక్కలు పెట్టేవాడు. ఒకటి కిరసనాయిలు, ఒకటి పెట్రోలు, ఒకటి నా కొట్లో, రంగుల్లో కలిపే థిన్నరు. పెట్టి, అంకెలు లెక్కపెట్టేవాడు పైకి. థిన్నరు ముందే ఎగిరిపోయేది. పెట్రోలు ఇంకాసేపు ఉండేది. కిరసనాయిలు వంద దాటినా అలాగే జిడ్డుగా కూచునేది. లెక్కయ్యాక చూడు, థిన్నరు పెట్టినచోట తెల్లటి మచ్చ. "చూశారా షావుకారు గారూ, ఇది మురికితో ఆగదు, ఒంట్లో నూనె కూడా లాగేస్తుంది. నా చర్మాన్నే వదలనిది రబ్బరు ముక్కని వదుల్తుందా" అనేవాడు. అందుకని ముందు కిరసనాయిల్లో నానబెట్టి, కోడి ఈకతో రుద్ది, చివర్న పెట్రోలుతో కడిగి ఆరబెట్టేవాడు. థిన్నరంటావా, ఇత్తడి జెట్టు ఒక్కదాన్నే తీగకి గుచ్చి, ఇరవై లెక్కపెట్టేలోపు ముంచి తీసేవాడు. అంతే. నాకు ఒళ్ళు మండేది. నా కొట్లో థిన్నరు పీపాలకి పీపాలు ఉంది, వీడేమో చెంచాడు కొనుక్కెళ్తాడు.

డెబ్భై తొమ్మిదిలో మీ తాతకి కాల్లో గాలం దిగి రెండు నెలలు పడవెక్కలేదు. ఇంజన్లో పెట్రోలు అలాగే ఉండిపోయి జిగురులా పట్టేసింది. సరిగ్గా అప్పుడే సంఘంవాళ్ళ కబురు. గుడివాడ నించి సీతారామయ్య గారని ఒక రిటైరైన ఇంజనీరు వస్తాడు, ఒక్కో పడవలో నలుగురు ఎక్కి సముద్రం మొగదాకా వెళ్ళి రావాలి. ఎవరి ఇంజను ఆగితే వాళ్ళది తీసి, వరసలో తరవాతవాడికి ఇచ్చేస్తారు. ఎవరన్నా విప్పి పాడుచేసినట్టు తేలినా అంతే. ఇంకా నాలుగు రోజులుంది. మీ తాత కుంటుకుంటూ యాకూబ్ కోసం వచ్చాడు. వాడు నాగాయలంకలో ఉన్నాడు, రెండు రోజులకి గానీ రాడు. మీ తాత నా కొట్టు మెట్టుమీద కూలబడి, "ఈ ఇంజను కూడా పోతే ఇంక నా వల్ల కాదు బాబుగారూ" అన్నాడు. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. బుర్రకంటే నోరు ముందు నడిచే వయసు. "యాకూబ్ దాకా ఎందుకయ్యా, కార్బొరేటరు పట్రా" అన్నాను.

తెచ్చాడు. నేనేం చేశాను, మా ఆవిడ సుగుణ ఆవకాయ జాడీ ఒకటి ఖాళీగా ఉంటే దాన్నిండా థిన్నరు పోసి కార్బొరేటరు మొత్తం అందులో దించేశాను. విప్పడం గిప్పడం ఏం లేదు. మర్నాడు తీస్తే చిలకలపూడి రోల్డుగోల్డు గాజులా మెరిసిపోతోంది. మీ తాత దండం పెట్టాడు నాకు. పట్టుకెళ్ళి బిగించి తాడు లాగితే ఏముంది, పక్కనించి పెట్రోలు బొళబొళా కారుతోంది, ఇంజను రెండు తుమ్ములు తుమ్మి చచ్చిపోయింది. మళ్ళీ లాగితే మళ్ళీ అంతే. మీ తాత కారిన పెట్రోలు గుడ్డతో తుడుచుకుంటూ కూచున్నాడురా. తిట్టి ఉంటే బావుండేది.

యాకూబ్ వచ్చాడు. బస్సు దిగి సరాసరి వచ్చి, కార్బొరేటరు వాసన చూశాడు. ఆవకాయ జాడీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. అడుగు గిన్నె విప్పి అందులోంచి బెండు ముక్క తీశాడు. మీ వలలకి కట్టే బెండు లాంటిదే, చిన్నది. గిన్నెలో పెట్రోలు నిండగానే అది పైకి తేలి దారి మూసెయ్యాలి. దాన్ని గ్లాసుడు నీళ్ళల్లో వేశాడు. రాయిలా మునిగింది. "షావుకారు గారూ, దీని ఒంటిమీద చపడా లక్క పూత ఉండేది. మీరు దీనికి తలంటు పొయ్యలేదు, తోలు వలిచారు. ఇప్పుడిది పెట్రోలు తాగి కూచుంది" అన్నాడు. చపడా అంటే వడ్రంగులు బీరువాలకి పాలిషు పెట్టరూ, అదే, స్పిరిట్లో కరిగించేది. "నా దగ్గర మంచి ఎనామిలు ఉంది, పూద్దాం" అన్నాను. "మళ్ళీ మీ సరుకేనా" అన్నాడు. అని, నాలుగు సీసా బిరడాలకి నాలుగు రకాలు పూసి పెట్రోల్లో వేసి కూచున్నాడు పొద్దంతా. ఎనామిలు ముడతలు పడి ఊడింది. వార్నీషు మెత్తబడింది. కోపాల్ అని ఇంకోటి, అదీ అంతే. చపడా మటుకు చెక్కుచెదరలేదు. ఆ చపడా కూడా నా కొట్లోదే, ఏమనుకున్నావు. కానీ ఆ మాట అనే ధైర్యం లేదు నాకు.

బెండు ముందు ఆరాలి కదా. నాగూర్ బీ, యాకూబ్ భార్య, బట్టల తీగకి దాన్ని దారంతో వేలాడదీసి ఎండలో కాకుల్ని తోలుతూ కూచుంది. వీధిలో పోయేవాళ్ళు అడిగితే, "షావుకారు గారి తెలివి కడిగి ఆరేశామండీ" అనేదట. ఆ తరవాత మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఆరబెట్టడం. ఇంజనీరు వచ్చే రోజు పొద్దున్న ఒడ్డుమీద బిగించబోతుంటే ఒక మూల గోరంత ఖాళీ కనిపించింది. యాకూబ్ జేబులోంచి చపడా సీసా తీసి అక్కడికక్కడ ఇంకో చుక్క రాసి, ఊది, ఆరాక బిగించి, ఆ సీసా నా చొక్కా జేబులో పడేశాడు, "కాస్త పట్టుకోండి" అని. పట్టుకున్నాను.

సీతారామయ్య గారు వచ్చారు. తెల్ల పంట్లాం, చేతిలో గొడుగు. పడవలో నలుగురు కావాలి, మీ తాత, ఆయన, యాకూబ్. నాలుగోవాడేడీ? "ఉన్నారుగా మా షావుకారు గారు" అన్నాడు యాకూబ్. నేను బందరులో పుట్టి పెరిగినా పడవెక్కి ఎరగను, నీళ్ళంటే వణుకు. ఎక్కించారు. కూచున్నానో లేదో సీతారామయ్య గారు ముక్కు ఎగబీల్చి, "ఎవరయ్యా తాగొచ్చింది" అన్నారు. స్పిరిటు వాసనరా అది. ఆయన చూపు నా జేబుమీద పడింది. సీసాలో ఎర్రగా, చిక్కగా, అచ్చం బ్రాందీలా ఉంది. నేను నోరు తెరవబోయాను, ఇది చపడా అని చెబుదామని. చెబితే ఎందుకు అంటారు ఆయన, ఎందుకంటే బెండు సంగతి, అక్కడితో మీ తాత ఇంజను గోవిందా. అప్పుడు యాకూబ్ ఎంత వినయంగా అన్నాడనుకున్నావు, "క్షమించాలి సార్, షావుకారు గారికి నీళ్ళంటే భయం, ధైర్యానికి పొద్దున్నే కొంచెం పుచ్చుకుంటారు." నేను, టీ కూడా తాగనివాణ్ణిరా, ఏం చేస్తాను, తల వాల్చి కాస్త ఊగాను. ఆయన నన్ను అసహ్యంగా చూసి, మొగదాకా వెళ్ళి తిరిగి వచ్చేదాకా నా కాలరు పట్టుకునే కూచున్నారు, నీళ్ళల్లో పడతానని. ఆ మొగ దగ్గర ఇంజను ఒక్కసారి తడబడింది. మీ తాత కళ్ళు మూసుకున్నాడు. యాకూబ్ అంకెలు లెక్కపెడుతున్నాడు, పెదాలు కదుల్తున్నాయి. తొమ్మిది అన్నాడో పది అన్నాడో, మళ్ళీ అందుకుంది. ఆ ఇంజనుతో మీ తాత పదకొండేళ్ళు వేట చేశాడు.

నా సంగతేంటంటావా. నేను ఇల్లు చేరేలోపే ఊరంతా తెలిసింది. సుగుణ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. ఎంత చెప్పినా నమ్మితేనా. యాకూబ్‌ని పట్టుకుని, నువ్వొచ్చి చెప్పరా బాబూ అంటే, "చెబుతానండీ, తప్పకుండా చెబుతాను" అంటాడు, చెప్పడు. ఆ తరవాత పదమూడేళ్ళు నేను దగ్గినా సుగుణ నోరు వాసన చూసేది. పెళ్ళిళ్ళకి వెళ్తే నా పక్కనే కూచునేది. తొంభై రెండులో యాకూబ్ పోయాడు. నలభయ్యో రోజు కానిచ్చి వచ్చాక మీ తాత మా ఇంటికొచ్చి, నిలబడే, సుగుణతో అంతా చెప్పాడు, సీసా సంగతీ, బెండు సంగతీ. విని సుగుణ ఏమందో తెలుసా. "నాకు ఆ సాయంత్రమే తెలుసు యలమందా, యాకూబే వచ్చి చెప్పి వెళ్ళాడు. నేను చెప్పినట్టు ఆయనకి చెప్పొద్దమ్మా, కొన్నాళ్ళు ఊగనీండి, థిన్నరు జోలికి వెళ్ళరు అన్నాడు" అంది.

కొన్నాళ్ళట.

ఏదీ, ఆ డబ్బా ఇలా తే. చెయ్యి చాపు, అలా కాదు, మణికట్టు పైకి తిప్పు. ఒక్క చుక్క చాలు. ఊఁ, ఇప్పుడు లెక్కపెట్టు. పైకి. ఒకటి, రెండు, మూడు... చూడు, చూడు, అప్పుడే తెల్లబడుతోంది... నాలుగు...

ఆ కిటికీ తలుపు కాస్త మూసెయ్ అబ్బాయ్, గాలి కళ్ళల్లో కొడుతోంది.