నీలం మూత డబ్బా

తేడా లేదని రాస్తావా? మా అమ్మ నేర్పిన వావిలాకు కట్టుకీ, ఉత్త పాలకూర ముద్దకీ తేడా లేదా? డాక్టరువైతే మాత్రం, మేనత్త ముందు ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందే నీకు?

కూర్చో. కాఫీ చల్లారితే చల్లారింది.

నలభై ఏళ్లుగా బెణుకులకి కట్లు కడుతున్నాను. ఏడో క్లాసులో గోడ దూకి మడమ వాచినప్పుడు నువ్వు ఎవరి దగ్గరకి పరిగెత్తావు? సరే, పరిగెత్తలేదు, కుంటుకుంటూ వచ్చావు.

ఆ, నీ పద్ధతి నాకు తెలుసులే. సగం మందికి ఎర్రమూత డబ్బాలోది, సగం మందికి నీలంమూతది. ఎందులో ఏముందో కట్టు కట్టే నాకూ తెలియకూడదని రెండింట్లోనూ కర్పూరం కలిపావు. అమ్మ చేతి వాసన మర్చిపోతానా? మూత తియ్యగానే ఎర్రదాంట్లోదే వావిలాకని తెలిసిపోయింది.

అప్పుడే చెప్తే నన్ను తీసేస్తావు కదా. అచ్చయ్యే వ్యాసంలో నీ పేరు పక్కన నా పేరు వేస్తానన్నావాయె. ఆశ.

మొదటివారం బుద్ధిగానే కట్టాను. రెండోవారం ఒక దర్జీ వచ్చాడు. మిషను తొక్కే కాలే బెణికింది, చీలమండ సొరకాయంత ఉంది. ఏ డబ్బాలోది కట్టాలో నువ్వు రాసిచ్చిన చీటీ చూస్తే నీలం. "అక్కా, పెళ్లిబట్టలు ఒప్పుకున్నాను, సోమవారానికి లేస్తానా?" అన్నాడు. పాలకూర పూసి ధైర్యం చెప్పమంటావా? ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నమా?

ఏ డబ్బాలోది పడినా సరేనని అందరూ సంతకాలు పెట్టే వచ్చారు, నిజమే. సంతకం పెడితే నొప్పి ఊరుకుంటుందా? అతనికి ఎర్రమూతదే కట్టాను.

అలా చూడకు. మర్నాడు నీ వాళ్లు రాకముందే నీలం డబ్బాలోది సింకులో పారబోసి, వావిలాకు నూరి నింపేశాను. కర్పూరం కూడా మర్చిపోలేదు. ఇక చివరిదాకా అంతే. దర్జీ ఒక్కడికే పెడితే మిగతావాళ్లు ఏం పాపం చేశారు?

రెండు డబ్బాలూ నావే అయితే తేడా ఎక్కణ్ణించి వస్తుంది?

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? నీ ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది, తెలుసు.

కానీ ఇందాక ఒక మాటన్నావు చూడు, మామూలు బెణుకులు చాలావరకు వాటంతటవే తగ్గుతాయని. అది గుచ్చుకుంది. దర్జీ సోమవారానికి లేచాడు. నా ఆకుకి లేచాడా, లేచే రోజొచ్చి లేచాడా? చెప్పగలిగింది ఆ పాలకూర ఒక్కటే. దాన్ని నా చేతులతో నేనే పారబోశాను.

మళ్ళీ మొదలుపెట్టు తల్లీ. తెలుసుకోవాలనీ ఉంది, భయంగానూ ఉంది. ఆకు నేనే నూరి ఇస్తాను. కట్లు కట్టడానికి మాత్రం ఇంకెవర్నైనా చూసుకో. అది నా వల్ల కాదు.