టెస్టే ముట్టుకున్న ఫైలు

మధ్యాహ్నం మూడింటికి ప్రోగ్రాం విడుదల కావాలి. రెండున్నరకి టెస్టరు కుర్చీ లాక్కుని, ఆ ప్రోగ్రాం రాసినాయన పక్కన కూర్చుంది. ఆవిడ ఓపిక అప్పటికే అడుగంటింది.

"మళ్ళీ చెప్తున్నా అన్నా. నీ ప్రోగ్రాంలోని కమాండ్ కొడితే, ఫైలు చివరిసారి మారిన టైము ఇప్పటిది కావాలి. నిన్నటిదే చూపిస్తోంది."

"నా దగ్గర మారుతోందమ్మా. దాన్ని సరిచూడ్డానికి నేను రాసుకున్న టెస్టు మూడు వారాలుగా ఒక్కసారి కూడా ఫెయిలవలేదు."

"ఆగిపోయిన గడియారాన్ని మా అత్తగారూ ఇలాగే వెనకేసుకొస్తుంది. నీకు పుణ్యముంటుంది, ఆ టెస్టులో ఏముందో లైను లైనూ చదువు."

"ముందు ఫైలుకి పాత టైము పెడతాను. కమాండ్ నడుపుతాను. ఫైల్లో 'కమాండ్ నడిచింది' అని రాస్తాను. అప్పుడు టైము చూస్తాను. ఇప్పటిదే ఉంటుంది."

"ఫైల్లో రాయడం దేనికి?"

"గుర్తుకి."

"ఫైల్లో ఏం రాసినా దాని టైము మారుతుందా, మారదా?"

"మారుతుంది. మారకుండా ఎలా..."

ఆయన మాట సగంలో ఆగింది. ఆవిడ మాత్రం ఆగలేదు.

"కంచే చేను మేస్తోంది. ఇప్పుడు కమాండ్ నడిపే లైను తీసేసి, టెస్టు నడుపు."

ఆయన తీసేసి నడిపాడు. తెర మీద పచ్చగా 'పాస్' అని వచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ నా కమాండ్ ఏం చేస్తున్నట్టు?"

"అదేగా పొద్దున్నుంచీ నేను అడుగుతోంది."