పద్నాలుగు కాపురాలకు ఒక్క ఉత్తరాల పెట్టె

మా దుకాణం పేరు పోయింది. ఎవరూ దొంగిలించలేదు. గడువు తీరింది, మేం కట్టలేదు, వేరెవరో కొనుక్కున్నారు. పదకొండేళ్ళు దిండ్లూ పరుపులూ బొంతలూ అమ్మిన వెబ్‌సైట్ అది. ఇప్పుడు ఆ పేరు కొడితే జూదం ఆట తెరుచుకుంటుంది. మంచం పట్టిన భర్త కోసం ఏటా మా దగ్గర మెడదిండు తెప్పించుకునే పెద్దావిడ ఒకరు ఫోన్ చేసి, "ఏమ్మా, దిండ్లు మానేసి జూదం పెట్టారా?" అని అడిగింది. "కాదండీ" అని ఫోన్ పెట్టేశాను.

పోగొట్టింది రెండేళ్ళుగా సైట్ పనులు చూస్తున్న నా చెల్లెలి మొగుడు. వీధిలో వెనకాల అందరూ కోతలరాయుడంటారు, ఎదురుపడితే కోతలు మింగేసి రాయుడంటారు. సైట్ ఆగిపోయిన రోజున అడిగితే, "సర్వర్‌కి జ్వరం వదినా, వారంలో తగ్గుతుంది" అన్నాడు. నమ్మాను. గడువు దాటినా డబ్బు కట్టి పేరు నిలబెట్టుకోవడానికి మిగిలిన ఆఖరి వారాలు అవేనని తర్వాత తెలిసింది. తప్పులో నమ్మినదాని వాటా కూడా ఉంటుంది. నేనేం కాదనను.

చెల్లెలు నా చేత మాట తీసుకుంది. "ఇంట్లో ఎంతైనా తిట్టక్కా, నలుగురిలో మాత్రం ఆయన పరువు తియ్యకు." సరేనన్నాను. మా కుట్టుపనిలో సగం దాని చేతిదే. ఆ చెయ్యి లేకపోతే దుకాణానికి పేరున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నెల తిరక్కుండానే ఆ మాట నా పీకకి చుట్టుకుంది.

మా కుట్టుగది కింద టీ కొట్టుంది. రెండు బల్లలు, గోడకి ఒక ఫ్యాను, దాని రెక్కల్లో ఒకటి వంకర. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. నేనూ చెల్లెలూ టీకి దిగాం. అప్పటికే రాయుడు మధ్య బల్ల ఆక్రమించాడు, పక్కన అచ్చాఫీసు ఆయన. చెప్పుల షాపు పెద్దాయన తడిసిన గొడుగు మూలన పెట్టి వచ్చి కూర్చున్నాడు. షాపున్న భవనం పడగొడుతున్నారు, ఇక ఆన్‌లైన్‌లో అమ్ముకోవడమే ఆయనకి దారి. చేతిలో ఒక కాగితం. దాని మీద బడి బూట్లు, ఆడవాళ్ళ చెప్పులు, బెల్టులు అని మూడు వరుసలు.

"మూడూ ఒకే పేరు కింద పెట్టుకోవాలా నాయనా, మూడింటికీ మూడు పేర్లు కొనాలా?" అని రాయుణ్ణే అడిగాడు.

"సరైన మనిషి దగ్గరికొచ్చావు బాబాయ్. సబ్‌డొమైన్లంటే ఉమ్మడి కాపురం, ఇంటిపేరొకటే, ఒక్కో సరుక్కీ ఒక్కో గది, బెల్టుకి జలుబు చేస్తే బూటు కూడా తుమ్మాలి. వేరే డొమైనంటే, అదే వేరే పేరంటే, వేరు కాపురం, ఎవరి గుమ్మం వాళ్ళది, ఎవరి దర్జా వాళ్ళది. మా వదిన దుకాణం నేను చెయ్యి పెట్టేనాటికి ఒకే పేరు, అందులోనే దిండూ పరుపూ బొంతా ఇరుక్కుని పడుకునేవి, నేనేం చేశానూ, ముందు మూడు కొన్నా, మూడు ఆనలేదు, పద్నాలుగు కొన్నా, పిల్లల దిండుకొకటి, మెడదిండుకొకటి, ప్రయాణాల దిండుకొకటి, ఎడమపక్కకి తిరిగి పడుకునేవాళ్ళ దిండుకొకటి..."

"మరి కుడిపక్కవాళ్ళు ఏం పాపం చేశారు?" అంది టీ కొట్టు ఆవిడ.

"వాళ్ళకీ కొన్నానక్కా!"

ఇంతవరకూ నిజమే. రాయుడి కథల్లో నిజం గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుకుంటుంది, లోపలికి రాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెట్‌లో దిండు అని వెతికితే మొదటి పేజీ మేమే, రెండో పేజీ మేమే, పదిహేడో పేజీ దాకా మేమే, దుప్పటి అని కొట్టినా మేమే, తలనొప్పి అని కొట్టినా మేమే, ఇక ఆ వెతికిపెట్టే కంపెనీ పెద్దాఫీసు నుంచి ఫోను, ఒకటే ఏడుపు, అయ్యా, మిగతా లోకానికి ఒక్క లైనైనా వదలండి అని."

"ఏ భాషలో ఏడ్చాడు?" అడిగాడు అచ్చాఫీసు ఆయన.

"ఏడుపుకి భాషేంటన్నా! జాలిపడి ఒక్క లైను వదిలా. వదిలినందుకు కోపమొచ్చి ఇంకా కొన్నా, నాలుగు వేల డొమైన్లు, ఒక రోజు అన్నిటినీ ఒక్క దెబ్బన తెరిచా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం అడుగున నెట్ తీగ ఉంటుందే, అది కాగి కాగి ఎర్రబడి, పైన నీళ్ళు మరిగి, చేపలు ఉడికి తేలాయి, ఓడలవాళ్ళు పళ్ళేలు పట్టుకుని దిగారు."

"ఉప్పెవరేశారు?"

"సముద్రంలో ఉప్పుకి కరువా అక్కా! అసలు సంగతి విను. రెండు దేశాలు, తెల్లారితే యుద్ధం, ఇద్దరు సేనాపతులూ మా దిండ్లే తెప్పించుకున్నారు, ఒకడు ఎడమపక్కది, ఒకడు కుడిపక్కది, పడుకున్నారు, తెల్లారింది, లేపితే లేవరు, బాకాలు ఊదారు, ఫిరంగి పేల్చారు, ఇటొకడు ఇటు తిరిగాడు, అటొకడు అటు తిరిగాడు, మూడు నెలలు! సైనికులకి విసుగుపుట్టి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. ఒకే పేరు కింద అమ్మి ఉంటే ఇద్దరికీ ఒకే దిండు పోయేది, యుద్ధం ఆగేదా? వేరు కాపురం మహిమ బాబాయ్ అది!"

టీ కొట్టంతా నవ్వింది. నాకూ పెదవి కదిలింది, దాచడమెందుకు. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఓరగా నన్ను కనిపెడుతోంది.

చెప్పుల షాపు పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. కాగితం ముందుకి తోశాడు.

"ఆ యుద్ధాల సంగతి నాకెందుకులే నాయనా. నా షాపు పేరు కూడా నువ్వే చూసుకో. మా నాన్న పెట్టిన పేరు. బోర్డు ఎలాగూ దించేస్తారు, ఇక అదొక్కటే మిగులుతుంది. నాకీ మెయిళ్ళూ అవీ చేతకావు."

"నువ్వు ఈ తలనొప్పుల్లో పడకు బాబాయ్," అన్నాడు రాయుడు కలం తీస్తూ. "అన్నీ నా చేతిలో ఉంటాయి, నిశ్చింతగా ఉండు."

రెండేళ్ళ కిందట నాతో అన్నది అక్షరం పొల్లుపోకుండా అదే మాట.

"మరిదిగారూ," అన్నాను. చెల్లెలు తల అడ్డంగా ఊపింది. చూశాను. చూసే అడిగాను. "ఆ నాలుగు వేల ఇళ్ళకీ గడువు ఉత్తరాలు ఏ ఇంటికి వచ్చేవి?"

"మెయిలా? ఒక్కచోటికే వదినా. పద్ధతిగా ఉండాలని."

"ఏ చోటికి?"

"పరుపుల డొమైన్ మీద పెట్టిన మెయిలుకి."

"పరుపుల డొమైన్ ఏమైంది?"

రాయుడు కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "పరుపులు కదలట్లేదని... అదొక్కటీ కట్టకుండా వదిలేశా."

"విన్నారుగా బాబాయ్‌గారూ. కాపురాలు పద్నాలుగు చేశాడు, ఉత్తరాల పెట్టె మాత్రం ఒక్కటే పెట్టాడు. పదకొండేళ్ళ అసలు పేరుకొచ్చే ఉత్తరాలు కూడా అందులోకే మళ్ళించాడు. ఆ పెట్టె ఉన్న ఇంటినే వదిలేశాడు. కట్టండి, కట్టండి అని ఎన్ని ఉత్తరాలొచ్చాయో దేవుడికే తెలియాలి. మా దుకాణం పేరు కొట్టి చూడండి, తెలుస్తుంది."

ఆయన ఫోను తీసి, ఒక వేలితో, నెమ్మదిగా కొట్టాడు. తెర మీద రంగుల చక్రం తిరిగింది. నాణేలు రాలిన చప్పుడు, ఆ వెనక చప్పట్లు. ఎలా ఆపాలో ఆయనకి తెలియలేదు. వాన చప్పుడులో ఆ చప్పట్లు అలా మోగుతూనే ఉన్నాయి. చివరికి అచ్చాఫీసు ఆయన చెయ్యి చాచి ఆపాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చెల్లెలు సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు కూడా తీసుకోలేదు.

మూడు వారాలు చెల్లెలు పనికి రాలేదు. కుట్టని బొంతలు గదిలో నడుమెత్తు పేరుకున్నాయి. చెప్పుల పెద్దాయన ఒకే పేరు కొనుక్కున్నాడు, తన చేత్తోనే, అందులో మూడు గదులు. నేనూ అంతే చేశాను. గడువు ఉత్తరాలు నా ఫోనుకే వస్తాయి. ఆ తేదీ కుట్టుమిషను పక్కన గోడ మీద రాసి ఉంటుంది. పాత గిరాకీలో పావు వంతు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మిగతావాళ్ళు ఆ చక్రం చూసి ఏమనుకున్నారో. మెడదిండు పెద్దావిడకి నేనే ఫోన్ చేసి కొత్త పేరు చెప్పాను. "ఇంక అవసరం లేదమ్మా," అంది.

నాలుగో వారం వచ్చి మిషను ముందు కూర్చుంది. మూడో రోజు సాయంత్రం దారం తెంపుతూ అంది.

"ఆయన గుమ్మం దాటి బయటికి పోవట్లేదక్కా. టీ కొట్టుకి కూడా. కొత్త సైటులో ఒక్క గది ఇవ్వు, బొంతల గదైనా సరే. పాస్‌వర్డు చెప్పు చాలు, తనే చూసుకుంటాడు."

"బొంతలు మడతపెట్టే పనుంది, రమ్మను. తాళం మాత్రం ఇవ్వను."

"కోతలు కోస్తే కోశాడు, చెడ్డవాడు కాదే."

"కాదు. అయినా ఇవ్వను."

అది మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఏడాదికి రెండు మూడుసార్లు ఇప్పటికీ అడుగుతుంది, ఏదో మాటలో మాట కలిపి. రెండేళ్ళయింది. మడతపెట్టడానికి అతను రాలేదు. తాళం నేను ఇవ్వలేదు.